ప్రార్థన నీళ్లు

మర్రిగూడ దగ్గర మా ఊళ్లో, మా వాడకు సొంత బావి ఉండేది. అది తవ్వకముందు ఊరి బావిలో మా వాళ్లను చేద వేయనిచ్చేవాళ్లు కాదట. ఎవరైనా దయతలచి పోసే దాకా బిందెలు పట్టుకుని ఎండలో నిలబడాల్సిందే. మా వాడంతా క్రైస్తవులం. ఒక కరువు కాలంలో అందరూ ఉపవాసముండి, ప్రార్థన చేసి, బండలు పగలగొట్టి తవ్వితే లోతున నీళ్లు పడ్డాయి. ఆ సంగతి అమ్మ మాకు పదే పదే చెప్పేది. దేవుడు వింటాడా అని మా వాడలో ఎవరికైనా అనుమానమొస్తే, బావిలోకి తొంగి చూడమనేవాళ్లు.

అందుకే నా చెల్లెలి కాళ్లు వంగడం మొదలైనప్పుడు అమ్మ ఆ నీళ్లనే నమ్ముకుంది. చెల్లెలికి అప్పుడు ఐదేండ్లు, నాకు పది. మొదట పరుగెత్తేటప్పుడు పడిపోయేది. తర్వాత నడిచినా మోకాళ్లు ఒకదానికొకటి తగిలేవి. తోటి పిల్లలు వెక్కిరిస్తే నేను వాళ్లను రాళ్లతో తరిమేదాన్ని.

మా చర్చిలో ఒక అలవాటుండేది. ఎవరికైనా బాగాలేకపోతే చెంబుతో బావి నీళ్లు తెచ్చి, పాస్టరయ్య బైబిలు పెట్టుకునే బల్ల కింద ఉంచేవాళ్లు. ఆయన ఆదివారం ఆదివారం సైకిల్ మీద వచ్చేవాడు. అందరూ మోకరించి ప్రార్థన చేశాక ఆ చెంబును ఇంటికి తీసుకుపోయి, కుండలో కలిపి, వారమంతా రోజూ పరగడుపున ఒక గ్లాసు తాగించేవాళ్లు. పాస్టరయ్య అలా చేయమని చెప్పలేదు, వద్దనీ అనలేదు.

చెంబు మోయడం నా పని, పొద్దున గ్లాసు తాగించడమూ నా పనే. నాకు పుట్టుకతోనే ఓపిక లేదు. పొయ్యి మీద గటక ఉడికిందో లేదో అని పదిసార్లు మూత తీసే రకం నేను. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే నేను ఒక కన్ను తెరిచి చెల్లెలి మోకాళ్ల వైపు చూసేదాన్ని. ‘ఆమెన్’ అనగానే వాటి మధ్య నా బొటనవేలు పెట్టి చూసేదాన్ని, కొంచెమైనా సందు వచ్చిందా అని. ఒకసారి అమ్మ చూసి నా చెయ్యి మీద కొట్టింది.

“అడిగినంక ఊకుండాలె. గట్ల గడియ గడియకు చూస్తరా?”

“ఎన్నొద్దులు ఊకుండాలె?” అన్నాను.

అమ్మ చెంబు తీసి నా చేతికిచ్చింది. అలా మూడేండ్లు గడిచాయి. కాళ్లు ఇంకా వంగాయి. తప్పు ఎక్కడ జరుగుతున్నదో నాకు అర్థమయ్యేది కాదు. నా పాపమా, అమ్మ పాపమా, పాస్టరయ్య సరిగ్గా అడగడం లేదా? చివరికి ఒక పొద్దున తేల్చుకున్నాను. “నాకు కడుపు నిండింది” అంటూ చెల్లెలు గ్లాసు నీళ్లు మిరపమొక్క మొదట్లో పారబోసింది. ఇదన్నమాట సంగతి అనుకున్నాను. వీపు మీద రెండు వేసి, జుట్టు పట్టుకుని, ఒకటికి రెండు గ్లాసులు తాగించాను.

ఆ యేడు ఎండాకాలంలో సర్కారు జీపులో ఒకాయన వచ్చి అన్ని బావుల నీళ్లూ సీసాల్లో పట్టుకుపోయాడు. కొన్ని నెలలకు మళ్లీ వచ్చి మా వాడ వాళ్లను బావి దగ్గరికి పిలిచాడు. లోపలి రాళ్ల నుంచి ఈ నీళ్లలోకి విషం లాంటిది దిగుతున్నదనీ, పళ్ల మీద మరకలూ ఎముకలు వంగడమూ దానివల్లేననీ చెప్పాడు. ఊరి బావిలో అంత లేదన్నాడు.

“గీ బావి దేవుడిచ్చిండయ్యా,” అంది అమ్మ.

“ఎవరిచ్చినా సరే, తాగకుండ్రి,” అన్నాడాయన.

ఆ రోజు అమ్మ పొయ్యి ముట్టించలేదు. నాకు మాత్రం నిలబడ్డ చోట కాలు నిలవలేదు. చింతచెట్టు దాకా పోయి వచ్చాను, మళ్లీ పోయాను. దేవుని మీద పిచ్చి కోపం వచ్చింది. నీకు తెలుసు కదా, మూడేండ్లు చూస్తూ ఊరుకున్నావా అని గట్టిగానే అడిగాను. అంతకంటే పెద్ద మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ నీళ్లు పట్టించిన చెయ్యి నాది.

ఆదివారం అమ్మ బల్ల కింద ఖాళీ చెంబు పెట్టింది. పాస్టరయ్య వంగి చూశాడు.

“నీళ్లు ఎక్కడికెల్లి తేవాల్నో ఆ దేవుణ్నే చెప్పమను,” అంది అమ్మ.

పాస్టరయ్య బైబిలు మూసి, వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. “నాకు తెల్వదమ్మా,” అన్నాడు. ఆ రోజు ప్రసంగం లేదు.

మరునాటి నుంచి అమ్మ ఊరవతలి కుంట నుంచి నీళ్లు మోసింది. కుంట ఎండిపోయాక బిందె పట్టుకుని ఊరి బావి దగ్గర నిలబడింది, ఎవరో పోసే దాకా. అయినా ప్రార్థన మానలేదు. చెల్లెలి కాళ్లు చక్కబడలేదు. తర్వాతి యేడు పుట్టిన తమ్ముడు అలా మోసి తెచ్చిన నీళ్లతోనే పెరిగాడు. వాని కాళ్లు తిన్నగా ఉన్నాయి.

వానికి ఐదు నిండిన ఆదివారం అమ్మ చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. తమ్ముణ్ని పక్కన నిలబెట్టుకుని, దేవుడు నా మొర విన్నాడంది. చెల్లెలు అక్కడే, గోడకు ఆనుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండి బయటికి వచ్చేశాను. కాసేపటికి చెల్లెలు కర్ర పట్టుకుని మెల్లగా నా వెనకే వచ్చింది.

“ఎందుకు గంత కోపం?” అంది. “వాని కాళ్లు మంచిగున్నయి గదా. నాయి నేను ఇంకా దేవుణ్ని అడుగుతనే ఉన్న.”

అప్పుడు చెప్పాను, ఇన్నేండ్లు మింగుకున్న మాట. నిన్ను కొట్టి తాగించాను, ఒకటి కాదు, రెండు గ్లాసులు అని. ఆ పొద్దు తనకు గుర్తుండదనుకున్నాను.

“యాదికున్నది,” అంది చెల్లెలు. “మొదటి గ్లాసు నువ్వు కొట్టినవని తాగిన. రెండోది నువ్వు ఏడుస్తున్నవని తాగిన.”

లోపల పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. చెల్లెలు కర్రను గోడకు ఆనించి, నా భుజం పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమెన్ అనేదాకా నేనూ మూసే ఉంచాను.