ఖుబానీ ఓట్స్‌కు పోపు

ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే శ్రావణక్కతో మాట కలపాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా అంటే ఆమెకు ప్రాణమని ఎవరితోనో అంటుంటే విన్నాను. అందుకే నిన్న సాయంత్రం ఓట్స్ పాలలో నానబెట్టి, పైన ఉడికించిన ఖుబానీ గుజ్జు పరిచి, రెండు డబ్బాలు ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున వాటిని అమ్మే నా బ్యాగులో సర్దింది.

టిఫిన్ వేళకు ధైర్యం తెచ్చుకుని, "అక్కా, మీకోసం స్వీట్ చేసిన" అని ఒక డబ్బా ఆమె ముందు పెట్టాను. మూత తీస్తే ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి. వరండాలోకి వెళ్లి, తెరిచిన కిటికీ పక్కనే నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"పులిహోరకని అటుకులు నానబెట్టి మర్చిపోయినవనుకున్న బిడ్డా. పాలెందుకు పోసినవో తెల్వలే. పిండేసి పోపు పెట్టిన."

"అవి ఓట్స్ అమ్మా. పైన ఉన్నది ఖుబానీ."

"చింతపండు గుజ్జు గాదా? గందుకే పులుపు తక్కువైంది. నిమ్మకాయ పిండిన తియ్."

క్షమాపణ ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుంటూ లోపలికి వచ్చాను. శ్రావణక్క తన డబ్బా ఖాళీ చేసి, నాది మొదలుపెట్టింది.

"స్వీట్ సంగతేమో గానీ, మీ అమ్మ పోపు మస్తుగుంది. రేపు గూడ గిదే పట్కరా."

రెండు నెలలు ఎదురుచూస్తే ఆమె నాతో అన్న మొదటి మాటలివి. అవీ అమ్మ గురించే. ఇంటికొచ్చినా అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పాలంటారా?