సదానందం తాత కారుకు పట్టిన చలి

బోనెట్ మీద చెయ్యి పెడితే చాలు, ఆ బండికి ముందు ముందు రాబోయే రోగాలు కూడా చెప్పేస్తాడు సదానందం తాత. రాకెట్లు చేసేవాళ్లకు ఈయన అడ్రసు తెలియదు గానీ, తెలిస్తే కాశిబుగ్గలో ఈ పాటికి లైను కట్టేవాళ్లు. ఇంతటి ఘనుడు, మేడారం జాతర నుంచి వచ్చిన దగ్గర్నుంచీ తన సొంత కారును మాత్రం బాగు చెయ్యలేకపోతున్నాడు.

తాత బతుకంతా ట్రాక్టర్లతో గడిచింది. ట్రాక్టర్ తంతే మాట వింటుంది. ముసలితనంలో, ఎవరో వదిలించుకున్న ఈ పాత కారు కొన్నాడు. ఇది తన్నినా వినదు, బతిమాలినా వినదు. పొద్దున బుద్ధిగా స్టార్టవుతుంది. కాస్త వేడెక్కగానే నల్లటి పొగ కక్కి చౌరస్తా నడుమ ఆగిపోతుంది. వెనక బండ్లవాళ్ల తిట్లన్నీ పక్క సీట్లోని భార్య సమ్మమ్మ వింటుంది. తాతకు చెవుడు సరిగ్గా అప్పుడే వస్తుంది.

చివరికి సమ్మమ్మ మొగుడికి తీర్పు చెప్పేసింది.

"ఆదివారం తొర్రూరుల మా చెల్లె ఇంటికి పోవాలె. తొవ్వల ఒక్కసారి ఆగినా కారును కబాడోనికి ఇస్త. నిన్ను గూడ తూకమేస్తడేమో అడుగుత."

శనివారం తాత బోనెట్ ఎత్తాడు. పక్కన మనవరాలు నవ్య, ఐటీఐ సగంలో వదిలేసిన మేధావి. తాత అనుమానమంతా వేడి చూసే సెన్సర్ మీద. ఇంజను ఎంత కాలుతోందో కారులోని కంప్యూటర్‌కు చెప్పడం దాని పని. అది చలిగా ఉందని అబద్ధం చెబితే, కంప్యూటర్ జాలిపడి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. తాత కొత్త సెన్సర్ తెచ్చి వేశాడు. పొగ తగ్గలేదు. పెట్రోలు కల్తీ అన్నాడు. ఎలుకలన్నాడు. సమ్మమ్మ ముందు సీట్లో కూర్చోవడం వల్ల బరువు ఒకవైపే పడుతోందని కూడా అన్నాడు, ఆమెకు వినపడకుండా.

ఇక లాభం లేదని వంటింట్లో దూరాడు. సమ్మమ్మ పాలగిన్నెలో నీళ్లు పోసి, పాత సెన్సర్ మొన ముంచి, మీటరు తగిలించి పొయ్యి వెలిగించాడు. నీళ్లు కాగుతున్నకొద్దీ మీటరులో అంకె దిగుతూ వచ్చింది. ఈ సెన్సర్‌కు వేడి పెరిగితే అంకె అలాగే దిగాలి.

"పాతదీ మంచిగనే ఉన్నది, కొత్తదీ మంచిగనే ఉన్నది. మరి అబద్ధం ఎవడు చెప్తాండు?"

"నడుమల ఎవడో మాట మారుస్తాండు తాతా. వైరు చూడు."

తాత వైరు నడుమ, ఇంజను మీదుగా పోయేచోట ఉన్న జాయింటు ప్లగ్గు ఊడదీశాడు. అందులోంచి చీమలు బయటికొచ్చాయి, వరసగా. లోపల పిన్నులకు పచ్చటి చిలుము, దాని మీద మాడిన పాకం. తాత వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు.

బెల్లం. మేడారంలో అమ్మవార్లకు మొక్కే బెల్లాన్ని బంగారమనే అంటారు. కారు ఒక్కసారీ ఆగకుండా జాతరకు చేరిందన్న సంబరంలో, అమ్మల బంగారం ఇంజనుకూ దక్కాలని ఇంత ముక్క దాని మీద పెట్టి బోనెట్ మూసింది ఈయనే. ఇంటికొచ్చేసరికి ప్రసాదం కరిగి ప్లగ్గులోకి దిగింది.

"ఇంజనుకు షుగరొచ్చింది తాతా," అంది నవ్య.

"నోర్ముయ్."

పెట్రోలులో ముంచిన బ్రష్షుతో పిన్నులు తోమాడు. తన పళ్లు కూడా ఎన్నడూ అంత శ్రద్ధగా తోముకుని ఉండడు.

ఆదివారం కారు వర్ధన్నపేట దాటింది. పొగ లేదు. చౌరస్తా వచ్చినప్పుడల్లా సమ్మమ్మ కొంగు సర్దుకుని దిగడానికి తయారైంది. ఆ అవసరం రాలేదు.

"ఏమైండెనయ్యా దీనికి?"

"వైర్ల జర తేడా," అన్నాడు తాత, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

రాయపర్తిలో పూలు కొనడానికి సమ్మమ్మ దిగగానే, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న మనవరాలు వెనక సీట్లోంచి ముందుకు వంగింది.

"తాతా, నీ మీద కథ రాస్తాన. బెల్లం ముచ్చట గూడ పెడ్తాన."

"పెట్టుకో. పెట్టి, ఈడనే దిగి తొర్రూరుకు నడుసుకుంట రా."