బాతుల మంద నేర్పిన గాలి లెక్క

మొన్న సూళ్లూరుపేట దగ్గర మా బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి తడి మట్టి వాసన, వాసన వెంటే బాతుల గోల. కోత అయిన మడిలోంచి పెద్ద మంద రోడ్డు దాటుతోంది. అందరూ విసుక్కుంటుంటే నేనొక్కణ్ణే నవ్వుకున్నాను. గ్రేస్ గారు గుర్తొచ్చారు.

ఆమె నా మొదటి పై అధికారి, బోగోలు అనే ఊరి మనిషి. పెద్ద గొట్టంలో గాలిని వేగంగా తోలి, రెక్కల నమూనాలను పరీక్షించే చోట నేను ఆమె కింద కొత్తగా చేరాను. గాలి రెక్కను ఎంత బలంగా వెనక్కి నెడుతోందో చూసి లెక్కల పుస్తకంలో పెన్సిలుతో రాయడం నా పని. ఒకరోజు గాలి వేగం ధ్వని వేగానికి దగ్గరపడేసరికి, ఆ బలం నా సూత్రం చెప్పినదాన్ని మించి అమాంతం పెరిగింది. పరికరం ఎక్కడో పట్టేసిందనుకున్నాను. చివరి మూడు అంకెలూ రబ్బరుతో చెరిపి, సూత్రానికి సరిపడేలా రాసేశాను. మర్నాడు ఆ పుస్తకాన్ని బట్టే రెక్క మందం ఖాయం చేస్తారు.

గ్రేస్ గారు పేజీ మీద ఊదారు. రబ్బరు పొట్టు లేచింది.

"ఎవరు చెరిపినారయ్యా?"

"నేనే మేడమ్. పరికరం తప్పు చూపినట్టుంది."

"పరికరమా, నువ్వా? సైకిల్ తియ్యి, పోదాం."

చెరో సైకిల్ మీద ఊరి బయటికి వచ్చేసరికి, మా ముందు బాతుల మంద రోడ్డు నిండా నడుస్తోంది. "మెల్లగా పో" అన్నారు. వెళ్లాను. వెనకవి బెదిరి ముందువాటికి కబురందించాయి. మంద రెండుగా విడిపోయి దారిచ్చింది. నేను వెనక్కొచ్చేసరికి మళ్లీ కలిసిపోయింది. "ఇప్పుడు గట్టిగా తొక్కు." తొక్కాను. కబురు పాకేలోపే నేను చేరిపోయాను. బాతులన్నీ ఒకచోట ఇరుక్కుపోయాయి. బ్రేకు పట్టి మడిలో పడ్డాను.

"కళ్లు నెత్తికెక్కినాయా సామీ? గుడ్లు పెట్టే బాతులయ్యా!" కాపరి కేకలేశాడు.

"పాఠం చెప్తా ఉండానన్నా, తప్పు నాదే" అని ఆమె చేతులు జోడించి, నన్ను చూసి పడీపడీ నవ్వారు. "గాలీ అంతేనయ్యా. దాని కబురు పోయేది ధ్వని వేగంతోనే. రెక్క అంత వేగంగా వస్తే తప్పుకునే టైం లేక గాలి కుదించుకుపోయి గట్టిగా అడ్డం తగులుతాది. నీ సూత్రం మెల్లగా పోయేవాళ్లకి."

"నా ఉద్యోగం మేడమ్?"

"ఉద్యోగం ఉంది. అంకెలే లేవు. మళ్లీ తోలదాం పద."

బురద ప్యాంటుతోనే సాయంత్రం దాకా పరీక్ష నడిపాను. మళ్లీ అవే మూడు అంకెలు! ఇద్దరం చప్పట్లు కొట్టాం. రెక్కను పలచబరచాలని మర్నాడు తేలింది. "ఇంక చెరపబాక. తప్పనిపిస్తే ఒక్క గీత కొట్టు, కింద రాసింది కనపడాల" అన్నారామె.

అప్పటినుంచి నా డైరీలకు రబ్బరు తగలలేదు. నిన్న రాత్రి పక్కింటాయన పిసినారి అని రాసుకున్నాను. పొద్దున్నే ఆయన గిన్నెడు రొయ్యల ఇగురు పంపించారు. ఒక్క గీత కొట్టాను. కింద పిసినారి అన్న మాట చక్కగా చదవొస్తోంది.