గోడ అవతల కొవ్వొత్తి

పొద్దున కోట బజారులో కొవ్వొత్తుల ప్యాకెట్ కొంటుంటే, ఆ మైనం వాసనకి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. సమాధుల పండగ ముందు రోజు పిల్లలం సమాధులకి సున్నం కొట్టి, ఒంటి నిండా అదే పూసుకుని తిరిగేవాళ్ళం, మీలో ఎవరికైనా గుర్తుందా?

మావాళ్ళ సమాధులన్నిటి మీదా వెలిగించినాక, అమ్మమ్మ ఒక్క కొవ్వొత్తి మిగుల్చుకుని సమాధుల తోట గోడ అవతలికి పోయేది. అక్కడ ఇసకలో వాళ్ళమ్మని పూడ్చినారు. మా పల్లెకి సువార్త రాకముందే చనిపోయిందామె. సముద్రపు గాలికి ఆరిపోకుండా అమ్మమ్మ కొబ్బరి చిప్ప అడ్డం పెట్టేది.

"యేసయ్య పేరు వినకుండా పోయినోళ్ళకి పరలోకం లేదు గదమ్మా, ఎందుకిది?" అని ఒకసారి పాస్టరుగారు అడిగినారు.

"చెప్పేవాళ్ళే రాకపోతే మా అమ్మేం చేస్తుంది అయ్యగారూ? నేను పోతే ఆమె పక్కనే పెట్టండి" అనింది అమ్మమ్మ.



తీరా అమ్మమ్మ పోయినప్పుడు, సంఘం ఏమనుకుంటుందోనని మావాళ్ళు గోడ లోపలే పెట్టినారు. నున్నటి పాలరాయి కూడా వేయించినారు.

ఈ ప్యాకెట్‌లో ఒకటి మిగుల్చుకుంటాను. కానీ గోడ అవతలంతా ఇప్పుడు రొయ్యల గుంట. ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.