అమ్మ ‘పోయి రా’ అన్న ఆదివారం

దయ్యాలను నమ్మేవాళ్ల జాబితాలో నన్ను చేర్చవద్దు. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పాను. ఊళ్లో చేతబడి గొడవ లేచినప్పుడల్లా వెళ్లి, అది అబద్ధమని చెప్పి, తిట్లు తిని వచ్చినవాణ్ని. మా అమ్మ పోయాక, ఆమె పైనుంచి నిన్ను చూస్తూనే ఉంటుందని ఓదార్చిన బంధువులకు కూడా, లేదు, బీచుపల్లి దగ్గర కృష్ణలో ఆమె అస్థికలు నా చేతులతో కలిపి వచ్చాను అనే చెప్పాను. ఇది రాస్తున్నాను కదా అని ఆ మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవడం లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏమనుకోవాలో మీ ఇష్టం.

మాది ఇటిక్యాల మండలంలో ఒక చిన్న ఊరు. అమ్మ పేరు తిమ్మక్క. ప్రతి ఆదివారం పొద్దున పచ్చకామెర్లకు పసరు పోసేది. మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పని. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఆకు పేరు బయటికి చెబితే గుణం పోతుందని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. నేను ఇక్కడే చెబుతున్నాను, అది నేల ఉసిరి. చేను గట్ల మీద, కాలువల పక్కన, ఎవరూ వేయకుండానే మొలుస్తుంది. ఏ మూలికల పుస్తకం తెరిచినా కనిపిస్తుంది. పేరు చెబితే పోయే గుణం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఈ పసరు మీద అమ్మకూ నాకూ చాలా ఏళ్లు పడలేదు. కామెర్లు చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి, పత్యమూ విశ్రాంతీ చేసే పనికి నీ ఆకుకు పేరొస్తోంది అనేవాణ్ని.

“తగ్గేటోళ్లకు తగ్గుతది, గది నాకు తెల్వదా?” అనేది అమ్మ. “తగ్గనోళ్లు ఎవరో నీ పుస్తకం కడుపు వొత్తి సెప్తదా?”

పసరు నూరడానికి ముందు ఆమె చేసే పని చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ని. కింది కనురెప్ప లాగి చూసేది. కుడి పక్కటెముకల కింద వేళ్లు పెట్టి ఒత్తేది. బస్సును ఆపుతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపమనేది. చాపిన చేతులు కోడి రెక్కల్లా కొట్టుకుంటే ఆ మనిషికి పసరు లేదు. పగలంతా నిద్రపోతున్నాడని ఇంటివాళ్లు చెప్పినా లేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక వైద్య పుస్తకంలో, చేతులు అలా కొట్టుకోవడం కాలేయం పూర్తిగా దెబ్బతింటున్న గుర్తు అని చదివాను.

ఆడవాళ్లయితే వీటన్నిటికంటే ముందు ఒక ప్రశ్న ఉండేది. “ఏ నెల నడుస్తుంది?” కడుపుతో ఉన్నావా అని అడిగేది కాదు. నేరుగా నెల అడిగేది. అట్లా అడిగితే దాచేవాళ్లు కూడా చెప్పేస్తారు. పెళ్లికాని పిల్లలు సిగ్గుపడి నవ్వేవాళ్లు. నెల చెప్పినవాళ్లకు మాత్రం చుక్క కూడా పోసేది కాదు.

పంపించడంలో కూడా ఒక పద్ధతి ఉండేది. మా దగ్గర ఇంట్లోంచి కదిలేటప్పుడు ఎవరూ ‘పోత’ అనరు, ‘పోయొస్త’ అంటారు. పసరు తాగినవాళ్లు మాత్రం ఆ మాట అనకూడదు. రోగంతో మళ్లీ ఈ గడపకు రావద్దని. అమ్మ వాళ్లను “ఇగ పో” అనేది, వాళ్లు వెనక్కి తిరగకుండా వెళ్లేవాళ్లు. పసరు ఇవ్వకుండా పంపే వాళ్లతో మాత్రం “దవాఖానకు పోయి రా” అనేది. ఆ ‘రా’ను ఒత్తి పలికేది. బతికి రమ్మని. ఇదొక పద్ధతి అని ఆమె ఎవరికీ చెప్పలేదు. వినీ వినీ నేను గమనించింది.

అమ్మ మొన్నటి కార్తీకంలో పోయింది. పొద్దున పది గంటలకు ఆయాసం మొదలైంది. గద్వాలకు తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని “పోత బిడ్డా” అన్నది. ‘పోయొస్త’ అనడానికి ఊపిరి చాలలేదని అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

కర్మకు వచ్చినవాళ్లే, ఇక ఆదివారం ఎవరు పోస్తారని అడిగారు. ఎవరూ పోయరని చెప్పాను. తలుపు మీద సుద్దతో ‘మందు లేదు’ అని రాసి, తాళం వేసి, గద్వాలలో నేనుండే ఇంటికి వచ్చేశాను.

మూడో నెల మాసికానికి ఊరికి వెళ్లాను. ఆ రోజు ఆదివారమని నాకు గుర్తులేదు. పొద్దున ఏడు గంటలు. చలి ఇంకా తగ్గలేదు. ముందు గది ఊడుస్తుంటే రోడ్డు మీద ఆటో ఆగింది. ఇద్దరు ఆడవాళ్లు దిగారు. పెద్దామె పేరు సవారమ్మ, వెంట ఉన్నది ఆమె కోడలు రేణుక. మానవపాడు అవతల ఒక ఊరి నుంచి వచ్చారు. మిరప కోతకు వెళ్లే మనుషులు. రేణుక మందపు చెద్దరు కప్పుకుని ఉంది. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

“తలుపు మీద రాసింది చదవలేదా?” అన్నాను.

“సదువొస్తే మీ ఇంటికెందుకొస్తం సారూ,” అంది సవారమ్మ. “దవాఖాన్ల బోర్డులు సదువుకుంట ఆడనే తిరుగుదుము.”

“అమ్మ లేదు” అన్నాను. చనిపోయింది అనే మాట అప్పటికి నా నోటికి అలవాటు కాలేదు. ఆమె ఎక్కడికో పోయిందని వాళ్లు అనుకున్నారు.

దవాఖానకు వెళ్లమన్నాను. ఊళ్లో వైద్యం చేసే ఆయన రెండు సీసాల గ్లూకోజు ఎక్కించాడని, ఏమీ కాలేదని సవారమ్మ చెప్పింది. కదలలేదు. “ఆమె కొడుకువే గద. గదే చెయ్యి. జర నువ్వే పొయ్యి సారూ.”

ఇక్కడ నా తప్పు రాయాలి. ముప్పై ఏళ్లు వాదించినవాణ్ని ఆ పొద్దున ఒప్పుకున్నాను. అలసటో, అమ్మ చేసిన పని ఒక్కసారి నా చేతులతో చేయాలన్న ఆశో తెలియదు. నేల ఉసిరి వల్ల హాని లేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. రేణుక కనురెప్ప లాగి చూశాను. చేతులు చాపమన్నాను. వణకలేదు. ఆ మొదటి ప్రశ్న తోచలేదని రాస్తే అబద్ధమవుతుంది. తోచింది. మగవాణ్ని, కొత్త మనిషిని, అడగడానికి నోరు రాలేదు.

పెరట్లో నీళ్ల తొట్టి పక్కన మొక్కలు పీకి, కడిగి, నూరి, బట్టలో వడగట్టాను. నా కోసం తెచ్చుకున్న మజ్జిగ కలిపాను. అమ్మ వాడే కంచు గ్లాసులో పోసి రేణుక చేతికిచ్చాను.

ఆమె గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగింది. తల ఎత్తింది. నన్ను దాటి, నా వెనక ఉన్న లోపలి గది వైపు చూసింది.

“ఐదు నిండినయి అవ్వా” అన్నది.

నేను ఏమీ అడగలేదు. నాకు ఏమీ వినిపించలేదు. దూరంగా ఎవరి చేన్లోనో మోటారు నడుస్తోంది, అంతే. సవారమ్మ మాత్రం పెద్దవాళ్ల ముందు చేసినట్టు కొంగు తల మీదికి లాక్కుంది. ఇద్దరూ అటే చూస్తూ, ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రాకుండా వినే మనుషుల్లా నిలబడ్డారు. తర్వాత సవారమ్మ “ఇప్పుడే పోవాల్నా?” అని ఆ గదినే అడిగింది. “సరే అవ్వా” అన్నది.

రేణుక గ్లాసు కింద పెట్టింది. పసరు ముట్టలేదు.

“ఉన్న అవ్వను లేదంటివి గద సారూ” అని నాకొక మాట తగిలించి సవారమ్మ కోడలి రెక్క పట్టుకుని నడిచింది. కర్నూలు దవాఖానకు పోనియ్యమని ఆటో అతనికి చెప్పడం నేను విన్నాను. అది విన్నాను, అంతకుముందుది వినలేదు.

లోపలి గదిలోకి వెళ్లి చూశాను. అమ్మ మంచం గోడకు నిలబెట్టి ఉంది. కిటికీ మూసి ఉంది. వెనక తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. ఫోను, రేడియో, టీవీ ఏవీ లేవు. అప్పుడు నాకు ఆ ఐదు నెలల సంగతి తలకెక్కింది. కడుపుతో ఉన్న మనిషికి ఆ కామెర్లు ఎంత తొందరగా ముదురుతాయో నేను చదివి ఉన్నాను. పసరు తాగి ఉంటే ఆమె పత్యం పట్టుకుని ఇంట్లో పడుకునేది. నా చేత్తో పడుకోబెట్టేవాణ్ని.

మరుసటి నెల మాసికం నాటికి వాళ్లే మళ్లీ వచ్చారు. రేణుక సగమైంది, కానీ కళ్లు తెల్లగా ఉన్నాయి. బిడ్డ దక్కలేదు. మహిమ అని చెప్పుకునేవాళ్లు ఈ ముక్క వదిలేస్తున్నారు. నేను వదలను. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే తల్లి కూడా దక్కేది కాదని కర్నూలు డాక్టరు చెప్పాడట. సవారమ్మ ఒక సంచిలో ఎండు మిరపకాయలు తెచ్చింది. అవ్వకు.

“అవ్వ కార్తీకంలో చనిపోయింది” అన్నాను. ఈసారి అనగలిగాను.

“ఏ కార్తీకం?”

“మొన్నటిదే. మీరు వచ్చేటప్పటికి మూడు నెలలు.”

సవారమ్మ సంచి ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. ఆ తర్వాత నేను చేసింది పరీక్ష పెట్టే మాస్టరు చేసే పని. ఒకరిని పెరట్లోకి తీసుకెళ్లి, ఇంకొకరిని ముందు గదిలో ఉంచి, ఆ రోజు విన్నది విడివిడిగా చెప్పమన్నాను. ఇద్దరూ ఒకే మాటలు చెప్పారు. ఏ నెల నడుస్తుంది. ఆ నీళ్లు నీకొద్దు. కర్నూలుకు పోయి రా.

“‘రా’ అని గట్టిగ అన్నది సారూ” అంది రేణుక, నేను అడగకుండానే.

మధ్యలో అవ్వ ఒకసారి తుమ్మింది అని సవారమ్మ చెప్పింది. అమ్మ ముక్కుపొడి పీల్చేది. కానీ ఆ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి సాక్ష్యంలో కలపను.

నేను వెతకని దారి లేదు. అమ్మ దగ్గరికి వచ్చి వెళ్లిన ఎవరో ఆ ప్రశ్న గురించి వాళ్లకు ముందే చెప్పి ఉండవచ్చు. రోగం వల్ల రేణుక మనసు భ్రమపడి ఉండవచ్చు. కానీ సవారమ్మకు రోగం లేదు. నాకు తెలియకుండా నా నోటితో నేనే అడిగానేమో అని కూడా అనుమానించాను. ఆ ఆటో అతన్ని వెతికి పట్టుకున్నాను. తనకేమీ వినిపించలేదని, నేను నోరు మూసుకుని బొమ్మలా నిలబడి ఉంటే ఆడవాళ్లు లోపలికి చూస్తూ మాట్లాడారని చెప్పాడు.

విషయం పాకింది. గద్వాలలో డాక్టరుగా ఉన్న నా పాత విద్యార్థి ఒకడు, “మీరు కూడానా సార్, ఈ పసర్లవాళ్లు మనుషుల్ని చంపుతున్నారు” అన్నాడు. కొందరు చంపుతున్నారు, నిజమే. “నీ దగ్గరికి సమయానికి వచ్చిన కామెర్ల రోగిని, ఎవరు పంపారని ఎప్పుడైనా అడిగావా?” అన్నాను. అడగలేదన్నాడు. అడిగి చూడమన్నాను.

మా చిన్నాన్న కొడుకు ఇంకో దారిన వచ్చాడు. అమ్మ ఫోటో గడపలో పెట్టి ఆదివారాలు మళ్లీ మొదలుపెడదామన్నాడు. అప్పటికే ఇద్దరు ముగ్గురు టెంకాయలు కొట్టి పోయారు. పసరు తాగొద్దని పంపినందుకు గుడి కట్టి అందులో పసరు పోస్తారా అని అడిగాను. అతను నాతో మాట్లాడటం మానేశాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఊరికి వెళ్తున్నాను. పసరు పోయను. గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్ల కళ్లు చూస్తాను, చేతులు చాపమంటాను. ఆడవాళ్లను ముందు ఆ ప్రశ్న అడుగుతాను. ఇప్పుడు నోరొస్తోంది. ఆ తర్వాత అందరినీ రక్తపరీక్షకు దవాఖానకు పోయి రమ్మంటాను. “మందియ్యనోడివి కుర్సీ ఎందుకేసుకున్నవ్ సారూ?” అని తిట్టి పోయినవాళ్లున్నారు. తిట్టనీ. వెళ్లినవాళ్లూ ఉన్నారు.

కూర్చున్నంతసేపు లోపలి గది తలుపు తెరిచే ఉంచుతాను. నమ్మి కాదు. ఆ పొద్దున ఆ గదికి వాళ్లిద్దరికంటే నేనే దగ్గరగా నిలబడి ఉన్నాను. నా చెవుల్లో లోపం లేదు, పరీక్ష చేయించుకున్నాను. నాతో ‘పోత’ అన్న మనిషి, ముక్కూమొహం తెలియని పిల్లతో ‘పోయి రా’ అన్నది అంటున్నారు. అక్కడ మాట్లాడింది ఎవరో నాకు తెలియదు. మాట్లాడింది ఆమే అయితే, నాకు ఒక్క మాటైనా ఎందుకు వినిపించలేదో అది అసలే తెలియదు.