రాతిదుమ్ముకు బెల్లం ముక్క

వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెప్తాను. కణం పెద్ద పెద్ద పదార్థాలను ఎలా లోపలికి తీసుకుంటుంది, ఎలా బయటికి పంపుతుంది అన్న పాఠమంటే నాకు ప్రాణం. చక్కెర, ఉప్పు లాంటి చిన్నవాటికి కణం పొరలోనే దారులుంటాయి. పెద్దవాటికి ఆ దారులు చాలవు. అప్పుడు కణం తన పొరనే చాచి, వచ్చినదాన్ని చుట్టేసి, సంచిలో మూటగట్టి లోపలికి లాక్కుంటుంది. జీర్ణరసాలున్న మరో సంచి వచ్చి దీనితో కలుస్తుంది. అరిగేది అరుగుతుంది. మిగిలిన చెత్తను కణం అంచుదాకా తెచ్చి బయట పారబోస్తుంది. ఇల్లు ఊడ్చుకున్నట్టే అని పిల్లలకు చెప్పేదాన్ని.

అదే పాఠం అంటే ఇప్పుడు నాకు భయం. మా అన్న దగ్గు విన్నప్పటి నుంచి ఆ భయం పట్టుకుంది.

అన్న తాండూరులో నాపరాళ్ల యూనిట్‌లో కోత మిషన్ మీద పనిచేస్తాడు. బోరులో నీళ్లున్నన్నాళ్లు రాయిని తడుపుతూ కోస్తారు. ఎండాకాలం బోరు అడుగంటితే పొడిగానే కోసేస్తారు. పని దిగాక తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెడతారు. బెల్లం తింటే పీల్చిన దుమ్మంతా కడుపులోకి జారి బయటికి పోతుందని వాళ్ల నమ్మకం.

మొన్న ఎండాకాలం నేను వెళ్లిన సాయంత్రం అన్న కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. బుగ్గన బెల్లం పెట్టుకునే ఇంట్లోకి వచ్చాడు. వదిన అతని చొక్కా అందుకుని, వాకిట్లో గుంజకేసి టపటపా కొట్టింది. వాకిలంతా పొగమంచు కమ్మినట్టయింది.

"జర దూరం కూసో," అంది నాతో. "దుమ్ముతోని నీళ్లల్ల ఏస్తే సున్నం లెక్క బట్టకు పట్టుకుంటది. ముందుగాల దులపాలె."

అంతలో అన్నకు దగ్గు తెర వచ్చింది. ఆగదే! గోడ పట్టుకుని ఒంగిపోయాడు.

"అన్నా, దుమ్ము పోయేది ఊపిరితిత్తులకు, బెల్లం పోయేది కడుపుకు. రెండింటి తొవ్వలు వేరు," అన్నాను.

"నీ సదువు నీ కాలేజిల పెట్టుకో చెల్లె. ఇన్నేండ్ల సంది తింటున్న, ఏమైంది నాకు?"

ఏమవుతుందో నాకు తెలుసు, అదే నా ఖర్మ. ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. క్రిమిని మింగినట్టే రాతి రేణువునూ ఆబగా మింగేస్తాయి. క్రిమి అరుగుతుంది, రాయి అరగదు. లోపలి సంచి చిరిగి, రసాలన్నీ ఒలికి, మింగిన కణమే చచ్చిపోతుంది. రేణువు మాత్రం ఎలా వెళ్లిందో అలాగే బయటపడుతుంది. దాన్ని మరో కణం మింగుతుంది. మింగలేక కక్కలేక ఒకదాని తర్వాత ఒకటి చస్తూ ఉంటే అక్కడ ఊపిరితిత్తి గట్టిపడి మచ్చ కడుతుంది. ఈసారి ఆ పాఠం చెప్తూ మధ్యలోనే సుద్దముక్క కింద పెట్టేశాను. బోర్డు మీంచి రాలిన పొడిని చూస్తేనే నాకు ఒళ్లు జలదరించింది.

ఎక్స్‌రే తీయిద్దామని వెంటపడ్డాను. దవాఖానకు పోతే లేని రోగం అంటగడతరన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నువ్వు రాకపోతే నీ గడప తొక్కనని అరిచేశాను, అరిచి ఏడ్చాను. అన్న దిగొచ్చాడు గానీ ఎకసెక్కం మానలేదు.

"సరే, ఫొటో దిగుడే అయితే ఇద్దరం దిగుతం. పెండ్లి నాడు దిగిందే, మళ్ల మీ వదినె నేను జంటగ దిగనే లేదు."

వదిన పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కొంగు అడ్డం పెట్టుకుని గొంతు సవరించుకుంది. నా చెవులు అన్న దగ్గు మీదే ఉన్నాయి.

ఇద్దరూ పొద్దున రైలుకి వికారాబాద్ వచ్చారు. ఇద్దరికీ ఎక్స్‌రే తీశాక, డాక్టరు ముందు మా అన్న ఫిల్మును లైటు పెట్టెకి తగిలించాడు. పైభాగమంతా తెల్లటి చుక్కలు. ఆయన నోరు విప్పకముందే అవేమిటో నాకు తెలిసిపోయింది.

"రాయి పని బంద్ చెయ్యాలె. ఉన్న మచ్చలు పోవు. ఇంక పెరగకుండ చూసుకోవాలె," అన్నాడు.

తర్వాత ఆయన వదిన ఫిల్మును తగిలించి, చాలాసేపు దాన్నే చూశాడు.

"ఈమె గూడ మిషన్ మీదనే చేస్తదా?"

"లేదు సార్. ఇంట్లనే ఉంటది," అన్నాడు అన్న.

"ఈమెకు గూడ మచ్చలున్నయి. టీబీ ఏమన్న ఉందేమో, తెమడ పరీక్ష చేద్దాం. కానీ దుమ్మే అనిపిస్తుంది నాకు."

వాకిట్లో గుంజ నా కళ్ల ముందు కదిలింది. రోజూ దాని పక్కనే నిలబడి, పొడి చొక్కాను బలంకొద్దీ కొడుతూ, ఆ తెల్లటి గాలినే పీల్చుకుంటూ వదిన.

బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. అన్న తలెత్తలేదు. వదినే ముందు మాట్లాడింది.

"పని చేసేటోళ్లకే గదా అని నేను ఎన్నడు బెల్లం ముట్టకపోతి."

అన్న జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోని బెల్లం ముక్క మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. వదిన దాన్ని నోట్లో వేసుకుని నా వైపు తిరిగింది.

"ఇప్పటి సంది తింటే పోతదా? నువ్వు సదువుకున్నదానివి, చెప్పు."

పోదని నాకు తెలుసు. ఆమె నా ముఖంలోకే చూస్తూ బెల్లం చప్పరిస్తోంది.