యాకూబ్ సార్ మెమరీ పొదుపు

యాకూబ్ సార్‌కు గుర్తుపెట్టుకోవడమంటే ఒళ్లుమంట. తన బుర్రలోనైనా సరే, కంప్యూటర్ బుర్రలోనైనా సరే.

ఆయన భార్య అజీజా బేగం ఏడు సామాన్లు చెప్పి కొట్టుకు పంపితే ఈయన ఏడు ఖాళీ డబ్బాలు పట్టుకుపోయేవారు. కొట్టాయన ఒక్కో డబ్బా వాసన చూసి నింపాలి. "జర కాగితం మీద రాసుకోరాదుండ్రి సార్!" అని అతను మొత్తుకుంటే, "డబ్బాకు ఎరుకున్నది మళ్ల నాకెందుకయ్యా?" అనేవారు.

తొంభై ఏడులో నల్లగొండలో, రామచంద్రం గారి కంప్యూటర్ సెంటర్లో యాకూబ్ సార్, నేను, ఇంకొందరం ఓటర్ల జాబితాలు టైపు కొట్టేవాళ్లం. మండలానికో ఫోల్డరు, అందులో ఊరికో ఫైలు. ఏ ఫైలు మారినా కనిపెట్టి చెప్పే ప్రోగ్రాం ఒకటుండేది. అది వేల ఫైళ్ల పేర్లు, సైజులు, టైములు అన్నీ మెమరీలో మోసుకు తిరిగేది. పాపం, మధ్యాహ్నానికల్లా కంప్యూటరు మొరాయించేది.

యాకూబ్ సార్ దాన్ని తిరగరాశారు. "ఇంటికి ఎవరన్నా వచ్చిన్రా అని చూసేటందుకు అందరి మొఖాలు యాదికుండాల్నా? గడప కాడ చెప్పులు చూస్తే సాలు. చెప్పులు మారినయంటెనే లోపలికి పోయి చూడాలె!" ఇక ప్రోగ్రాం ఫోల్డరుకొక గుర్తు మాత్రమే పెట్టుకుంది. ఫోల్డరు కదిలితేనే లోపల వెతికేది. మొరాయింపు ఆగిపోయింది.

చేరిన నెలకే నేను తిరుమలగిరి ఫోల్డర్లో పొరపాటున ఒక ఊరికి ఊరినే చెరిపేశాను. ఫైలు తగ్గిందని ప్రోగ్రాం చెప్పేసింది. రామచంద్రం గారు ఊగిపోయారు. "తీసేసినోళ్లు రేపటి సంది పనికి రావద్దు!" ఇంట్లో బాపు మంచం పట్టాడు, జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

"ఎవరి పేరు వాళ్లు కొట్టందే కంప్యూటర్ తెరుసుకోదు గద! మీ ప్రోగ్రాం ఎవరి పేరు చెప్తాంది, యాకూబ్ సాబ్?" అని ఆయన సార్ వైపు తిరిగారు.

"ఫైలు పోయిందంటాంది సార్. ఎవరు తీసిన్రో పెట్టుకోదు. మెమరీ సాలదు."

"గింత పిసినారితనం ఏందండీ!" అని విసుక్కుంటూ ఆయన వెళ్లిపోయారు.

సార్ నా పక్కకు కుర్చీ లాక్కున్నారు. "ఆ ఊరి కాగితాలు తే బిడ్డా. నువ్వు చదువు, నేను కొడ్త." ఆరువందల పేర్లు! ఎవరు చెరిపారని ఒక్కసారీ అడగలేదు. ఏడుపు ఆపుకుంటూ చదివాను.

తర్వాత నేనూ ప్రోగ్రాంలు రాయడం నేర్చుకున్నాక తెలిసింది, ఒక పేరుకు పట్టే మెమరీ ఆవగింజంత అని. ఉండబట్టలేక అడిగాను.

"సార్, పేర్లకు జాగా ఉండె గద?"

"ఉండె బిడ్డా. ముందుగాల పెట్టిన గూడ. మొదటి రోజే ఫైళ్లు చెరిపినోళ్ల పేర్లు మూడు చూపెట్టింది. ఎవరి నౌకరీ తీపియ్యాలె?" సార్ కళ్లద్దాలు తుడుచుకున్నారు. "అండ్ల ఒకటి నాదే."